గంజి కాసే మొగిలమ్మ కోపం

మొగిలమ్మ గురించి అడిగితే మా నేతగాళ్ళ కొత్తవాడలో ఇప్పటికీ అందరూ ముందు ఆమె నోటి గురించే చెబుతారు. "అబ్బో, ఆమె నోట్ల పడొద్దు" అని నవ్వుతారు. అలా నవ్వేవాళ్ళలో సగం మంది ఇళ్ళలో తిరిగే పిల్లులు ఆమె ఇచ్చినవే, లేదంటే ఆమె ఇచ్చినవాటి సంతానమే. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమెకు కోపం ఎందుకు వచ్చేదో ఒక్కరూ చెప్పరు. చెబితే తాము చేసిన పని ఏదో ఒకటి బయటపడుతుంది. ఎవరి సంగతి వాళ్ళు దాచుకోనీ, నా సంగతి నేను చెబుతాను.

నేను పెళ్ళయి కొత్తవాడకు వచ్చింది డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో. మా పుట్టిల్లు రఘునాథపల్లి. మా నాయన కూడా మగ్గం నేసేవాడే. కానీ ఊళ్ళో మగ్గానికి వెనక దొడ్డి ఉండేది, దొడ్డిలో బర్రె ఉండేది, వాకిట్లో కుక్క దాని ఇష్టానికి వచ్చి పోయేది. ఇక్కడ ఉన్నది ఒకటే పొడుగాటి గది. ఆ గదిలో నేలను నడుము లోతు తవ్విన గుంట, గుంట మీద మగ్గం, మగ్గం పక్కన నూలు మూటలు, మూటల పక్కన మేం పడుకునే చాపలు. మా ఆయన సారంగపాణి పొద్దున గుంటలోకి కాళ్ళు దించి మగ్గం కాలి పలకలు తొక్కడం మొదలుపెడితే మళ్ళీ అన్నం వేళకే లేచేవాడు. మా అత్త పూలమ్మ నూలు కండెలు చుట్టేది. వంటా, నీళ్ళూ, మిగిలిన కండెలూ నావి.

మొగిలమ్మ మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. మా ఆయనకు పినతల్లి వరస, కాబట్టి నాకు చిన్నత్త. అప్పటికే యాభై దాటింది. పిల్లలు లేరు. భర్త యాకయ్య పోయి పదేళ్ళయింది. అప్పటి నుంచి ఆమె వీధి మొత్తానికి గంజి కాసి బతికింది. పడుగు, అంటే బట్టలో నిలువు పోగులు, మగ్గమెక్కే ముందు దాన్ని వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో దువ్వాలి. గంజి పలచనైతే దారం తెగుతుంది, చిక్కనైతే అట్టకడుతుంది. మొగిలమ్మ గంజికి ఈ రెండు జబ్బులూ లేవు. పొద్దు పొడిచేసరికి ఆమె పొయ్యి మీద గుండిగ ఉడుకుతూ ఉండేది, పొయ్యి పక్కన రెండు మూడు పిల్లులు వెచ్చగా ముడుచుకుని ఉండేవి.

ఆ పిల్లుల కోసమే వాడంతా ఆమె మాటలు పడేది. గంజి పట్టిన నూలంటే ఎలుకకు పెళ్ళి భోజనం. నేను కాపురానికి వచ్చిన నెలలోనే ఒకరోజు పొద్దున లేచి చూస్తే, పడుగులో జానెడు మేర కొరికి పోగులు పోగులు చేసి ఉంది. సారంగపాణి రెండు రోజులు కూర్చుని తెగిన పోగులన్నీ అతికాడు, ఆ రెండు రోజులూ ఇంట్లో అందరి మీదా పళ్ళు నూరాడు. పిల్లిని తెమ్మని మా అత్త నన్ను మొగిలమ్మ దగ్గరకు పంపింది.

"చిన్నత్తా, ఒక పిల్లి పిల్లనియ్యరాదు?" అన్నాను.

ఆమె గంజి కలుపుతూ తల ఎత్తలేదు. "ఎందుకు?"

"ఎలుకలు పడ్డయి."

"ఎలుకలు పడితె బోను తెచ్చుకో. పిల్లిని తీస్కపోయి ఏం జేస్తవ్?"

"సాదుకుంటం" అన్నాను.

అప్పుడు తల ఎత్తింది. "సాదుకుంటరా? సరే. రేపొస్త. ఇల్లు సూస్త."

పిల్లి పిల్లను ఇచ్చే ముందు ఇల్లు చూడటం కొత్తవాడలో ఆమె పెట్టిన ఆచారం. ఆడపిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇంతగా చూడరని జనం వేళాకోళం చేసేవాళ్ళు. ఆమె గడపలో నిలబడి తొంగిచూసి పోయే రకం కాదు. మగ్గం మొదలైనప్పటి నుంచి ఇంట్లోవాళ్ళు అన్నాలు తినేవరకూ ఒక మూల కూర్చుని చూసేది. ఇచ్చిన చాయ కూడా తాగేది కాదు.

మరునాడు అలాగే వచ్చి కూర్చుంది. సారంగపాణి తువ్వాలు దులిపి, గుంటలోకి కాళ్ళు దించి, తొక్కడం మొదలుపెట్టాడు.

"ఆగు" అంది మొగిలమ్మ. "కాళ్ళు దించే ముందర గుంటల ఏమున్నదో సూసినవా?"

"ఏముంటది చిన్నమ్మా? పలకలుంటయి."

"పిల్లి పిల్ల ఉంటది. ఎండలకు గుంట సల్లగుంటది. అది పోయి పలకల కింద పండుకుంటది. నువ్వు సూడకుంట తొక్కుతవు. నడుమిరిగిన పిల్లలను మూడింటిని సూసిన నేను ఈ వాడల."

సారంగపాణి నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె ముఖం మాడిపోయింది. మా అత్త వైపు తిరిగి, "దానికి ఏం పెడుతరు?" అని అడిగింది.

"పెట్టేదేంది? ఎలుకలు తింటది గద" అంది మా అత్త.

"నీ కొడుకు బట్ట నేస్తడు గద. బట్ట తింటాండా?"

మొగిలమ్మ ఆగలేదు. "ఎలుకను పట్టుడు దానికి పని. పని జేసేదానికి బువ్వ పెట్టవా? కడుపు మాడితె అది పక్కింట్ల పాలకు పోతది. అప్పుడు దొంగ పిల్లి అని కట్టె దీస్కుంటరు. పొద్దుమాపు ఇంత ఉప్పులేని అన్నం పెట్టాలె, ఇన్ని నీళ్ళు పెట్టాలె. వారానికొకసారన్న ఎండు శాప ముక్క ఎయ్యాలె. అది దొడ్డికి పోతందుకు మూలకు ఇంత ఉస్కె పొయ్యాలె. ఇయ్యన్ని ఎవలు జేస్తరు, పేరు చెప్పు. అందరం జేస్తం అనకు. అందరంటే ఎవ్వలు గాదు."

తరువాత లేచి మగ్గం దగ్గరకు వెళ్ళింది. తెగిన పోగు అతికేటప్పుడు తడి చేసుకోవడానికి అక్కడ ఒక చిన్న గంజి ముంత, దాని పక్కన మిగిలిన గంజి కుండ ఉన్నాయి. రెండింటికీ మూతల్లేవు.

"ఇప్పుడంటె ఎండాకాలం. వానలు పడితె బూజు పట్టకుంట గంజిల మైలుతుత్తం కలుపుత. తుత్తమంటె ఇసం. మూత పెట్టని ఇంటికి నేను జీవాన్ని ఇయ్య." నా వైపు చూసింది. "ఇంటాన్నవా పిల్లా?"

"ఆఁ" అన్నాను.

విన్నాను. కాదని ఎలా అంటాను? కానీ చెవిన పెట్టలేదు. కొత్త కోడలి ముందు ఇంటినీ ఇంట్లోవాళ్ళనూ ఇంతలేసి మాటలంటుందా అని నాకు కోపంగా ఉంది. పైగా మా నాయన గంజిలో ఏమీ కలిపేవాడు కాదు. వానలు పడితే మగ్గం ఆపి పొలం పనికి పోయేవాడు. గంజి అంటే గంజే అని నా లెక్క.

"ఈ ఇంటికి ఇయ్యనే ఇయ్య" అని చెప్పి మొగిలమ్మ వెళ్ళిపోయింది.

ఆ మాట సారంగపాణి మింగలేకపోయాడు. పిల్లి పిల్ల కోసం కాళ్ళు పట్టుకోవాలా అని నాలుగు రోజులు ఎగిరాడు. హనుమకొండలో ఒక ఇంజినీరుకు మా ఆయన దుప్పట్లు నేసి ఇచ్చేవాడు. అప్పుడే ఆయనకు దూరం బదిలీ అయింది. ఇంట్లో మూడేళ్ళ అల్సేషన్ కుక్క ఉంది, వెంట తీసుకుపోయే వీలు లేదు. "నేను సాదుకుంట సార్" అన్నాడు మా ఆయన. ఆ ఇంజినీరు మీద కూడా నాకు కోపమే. మూడేళ్ళు చేతులతో పెంచిన జీవాన్ని ఎవరికి ఇస్తున్నాడో, ఆ ఇల్లు ఎలాంటిదో ఒక్కసారి వచ్చి చూసుకోవాలని ఆయనకు తోచలేదు. ఏం పెట్టాలో, ఎప్పుడు తిప్పాలో, ఎండకు ఎక్కడ ఉంచాలో, సూదిమందు ఎప్పుడు వేయించాలో ఒక కాగితం మీద రాసి చేతులు దులుపుకున్నాడు. ఆ కాగితం మా ఆయన చొక్కా జేబులోనే ఉండిపోయింది. చొక్కా ఉతికేటప్పుడు నా చేతికి ముద్దగా వచ్చింది.

కుక్క రిక్షా ఎక్కి వచ్చింది. దాని పేరు సీజర్. నోరు తిరగక వాడంతా సీసా అన్నారు. పడుగు దువ్వేవాళ్ళు కుంచెలు వదిలేసి చూడటానికి వచ్చారు. సారంగపాణి దాని గొలుసు చేతికి చుట్టుకుని వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి తిప్పాడు. ఆ ఇంట్లో అది నడిచిన నడక అదొక్కటే. తరువాత గడప పక్కన గుంజకు కట్టేశాడు. గొలుసు మూరెడు.

మొగిలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కుక్కను ముట్టుకోలేదు. ముందు దాని గొలుసును చూసింది, తరువాత రేకుల కప్పును చూసింది.

"దీని బొచ్చు సూసినవా? ఈ రేకుల కింద ఉడికి సస్తది. దీనికి పొద్దుమాపు రెండు మైళ్ళ నడక గావాలె. ఎవలు నడిపిస్తరు? నువ్వు మగ్గం దిగవు. మీ అమ్మ గడప దాటది. ఈ పిల్ల నెత్తి మీది కొంగు తియ్యది."

"ఇంటికి కావలి ఉంటది చిన్నమ్మా."

"ఏం కావలి? ఎలుకలు తినంగ మిగిలిన నూలుకా?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. సారంగపాణి ముఖం ఎర్రబడింది. "పిల్లిని ఇయ్యకపోతివి, నేను కుక్కను తెచ్చుకున్న. నీకెందుకు నొప్పి?"

"నొప్పి నాకు గాదు. దానికి."

ఆమె అన్నది అన్నట్టే జరిగింది. మొదటి వారం సారంగపాణి బజారు నుంచి మాంసం బొక్కలు తెచ్చాడు. రెండో వారం రోజుకొక గుడ్డు. మూడో వారం నుంచి మేం తినగా మిగిలింది. మగ్గం టకటకలాడినంతసేపూ కుక్క మొరిగేది, మొరిగితే మా అత్త చీపురు విసిరేది. ఎలుకలు దాని ముందు నుంచే నింపాదిగా నడిచిపోయేవి. వానలు మొదలయ్యాక తడి ఆరక చర్మం పుండ్లు పడింది, బొచ్చు ఊడటం మొదలైంది. మొగిలమ్మ పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి మా గడపలో నిలబడి తిట్టేది. "ఇడువున్రి దాన్ని, నాకన్న ఇయ్యిన్రి" అనేది. ఆమె అడిగిన కొద్దీ మా ఆయనకు పంతం పెరిగింది. పరువు కోసం తెచ్చిన కుక్కను పరువు కోసమే ఉంచుకున్నాడు. నాకు జాలి లేకపోలేదు. ఆ జాలితో నేను చేసింది మాత్రం ఏమీ లేదు.

శ్రావణంలో ఒక మాపటివేళ అన్నం తింటూ మా ఆయన అన్నాడు. "ఆ కుక్కకు అన్నం దండుగ. గంజి పొయ్యరాదు?"

మరునాడు పొద్దున, పడుగుకు పట్టించగా మిగిలిన గంజి కుండలో సగం దాకా ఉంది. పారబోయడానికి మనసొప్పలేదు. మా ఊళ్ళో మిగిలిన గంజిని బర్రె తాగేది, కుక్క తాగేది. పళ్ళెం నిండా పోశాను. కాస్త నీలంగా ఉందని చూశాను కూడా. రంగు నూలు తగిలిందేమో అనుకున్నాను, అది తుత్తం రంగని తోచలేదు. ఆకలి మీద ఉన్న కుక్క ఒక్క బిగిన తాగేసి, పళ్ళెం నాకి, ఇంకా పోయమన్నట్టు తోక ఊపింది. మళ్ళీ పోశాను.

అరగంట గడవలేదు. కుక్క వంకర్లు తిరిగిపోతూ వాంతి చేసుకుంది. నీలం, ఆకుపచ్చ కలిసిన వాంతి. కాళ్ళు తన్నుకుంటోంది. సారంగపాణి నేసిన బట్ట ఇచ్చి రావడానికి నేతగాళ్ళ సొసైటీకి వెళ్ళాడు. మా అత్త గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నేను మొగిలమ్మ ఇంటికి పరుగెత్తాను.

ఆమె వచ్చి వాంతి చూసింది, పక్కనున్న పళ్ళెం చూసింది. "ఏం తిన్నది?" అని నన్ను అడిగింది.

"తెలువదు చిన్నత్తా" అన్నాను.

ఒక్క క్షణం నన్ను చూసింది. తరువాత కోడిగుడ్లు తెప్పించి, తెల్లసొన దాని నోట్లో పోసి, చీర కొంగుతో మూతి తుడిచి, రిక్షా పిలిచింది. అంత పెద్ద కుక్కను ఇద్దరం మోసుకుని ఎక్కించాం. హనుమకొండలో పశువుల దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి కాంపౌండరు ఎల్లస్వామి దాని కనురెప్పలు ఎత్తి చూశాడు.

"ఏం తిన్నదో చెప్పున్రి. ఎలుకల మందా, తుత్తమా? రెంటికి మందు ఒకటి గాదు."

"తుత్తమనే అనుకుంటాన" అంది మొగిలమ్మ.

"అనుకునుడు గాదమ్మా. ఇంట్లోళ్ళు ఎవలు? మీరేనా?" అని నన్ను అడిగాడు.

ఒక్క మాట చెబితే అయిపోయేది. మొగిలమ్మ నా నోటి వైపే చూస్తోంది. "నేను సూడలే" అన్నాను. రెండోసారి. ఎల్లస్వామి విసుక్కుంటూ డాక్టరు గారిని పిలవడానికి లోపలికి వెళ్ళాడు.

సెలైన్ ఎక్కుతున్నంతసేపూ మేమిద్దరం కింద కూర్చున్నాం. కుక్క తల మొగిలమ్మ ఒడిలో ఉంది. ఆమె నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"నేను గూడ ఒకదాన్ని సంపిన. సమ్మమ్మ అని నా సోపతిది, దోస్తు ఉండె. పిల్లి పిల్లనియ్యుమని మస్తు బతిమిలాడింది. అది కండ్లు తెరిచి వారం కాలే, తల్లి పాలు మరువలే. ఇచ్చిన. ఆమె బర్రె పాలు పోసింది. కడుపు పారుకొని నాలుగో దినం సచ్చింది. సమ్మమ్మకు తెలువదు, నాకు తెలుసు. తెలిసి గూడ మొఖమాటానికి ఇచ్చిన. ఆ మాట ఎవ్వలకు చెప్పలే. అందరికి ఏదో రోగమొచ్చిందని చెప్పిన. అగో, అప్పటి సంది మొఖమాటం ఇడిశిపెట్టిన."

ఆమె ఎందుకు చెబుతోందో నాకు అర్థమైంది. తలుపు తెరిచి పట్టుకుంది, లోపలికి రావడమే నా పని. నేను తల దించుకుని గోరు గిల్లుకుంటూ కూర్చున్నాను. అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పుడు చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

డాక్టరు గారు తుత్తానికే వైద్యం చేశారు. వాంతి కావడం వల్లే కుక్క బతికింది. రెండు రోజులు దవాఖానలోనే ఉంచి, తరువాత మొగిలమ్మ తన ఇంటికి తీసుకుపోయింది.

ఇంటికి వచ్చిన సారంగపాణికి ఎవరి మీదైనా అరవాలి. వాడలో గంజిలో తుత్తం కలిపేది ఎవరు? మొగిలమ్మ. కుక్క వచ్చిన రోజు నుంచీ దాని మీద పగబట్టినట్టు గడపలో నిలబడి తిట్టింది ఎవరు? మొగిలమ్మ. నాకన్న ఇయ్యిన్రి అన్నది ఎవరు? "ఆమెనే పోసి ఉంటది" అన్నాడు. మా అత్త అవునంది. రెండో రోజుకు ఆ మాట వాడంతా పాకింది. మూడో రోజుకు నాలుగిళ్ళవాళ్ళు పడుగులు పక్క వీధిలో గంజి కాసే ఇంకొకరికి ఇచ్చారు. కుక్కకు విషం పెట్టిన చెయ్యి రేపు నూలుకు ఏం పెడుతుందో అని ఒకామె నల్లా దగ్గర నా ఎదురుగానే అంది. నేను బిందె నింపుకుని ఇంటికి వచ్చాను. నాలుగో రోజు పొద్దున మొగిలమ్మ పొయ్యి వెలగలేదు. ఆమెకు ఉన్నది ఆ పొయ్యి ఒక్కటే. అది ఆరిపోతే ఆమెకు బతుకుదెరువు లేదు. అది నాకు తెలుసు. తెలిసీ అన్నం వండాను, తిన్నాను.

ఆ మధ్యాహ్నమే కులపెద్ద సిద్దిరాములు ఇంటి అరుగు మీద పంచాయతీ పెట్టారు. మొగిలమ్మ కుక్కను తాడుతో నడిపించుకుంటూ వచ్చింది. అది రెండడుగులకోసారి కూలబడుతోంది. సారంగపాణి చెప్పాల్సిందంతా చెప్పాడు.

"మొగిలమ్మా, నువ్వేమంటవ్?" అన్నాడు సిద్దిరాములు.

"నేను పెట్టలే."

"మరి ఎవలు పెట్టిన్రు?"

"నాకు తెలుసు. వాళ్ళ ఇంట్ల పళ్ళెం సూసిన, అడుగున గంజి మీగడ కట్టి ఉన్నది. ఎవలు పోసిన్రో నేను చెప్ప. చెప్పేటోళ్ళకు నోరున్నది."

సారంగపాణి ఎగిరాడు. "సూసిన్రా? తప్పించుకుంటాంది."

జనం గొణిగారు. సిద్దిరాములు గొంతు సవరించుకున్నాడు. ఇంకొక్క నిమిషమైతే తీర్పు చెప్పేవాడే. అప్పుడు కుక్క లేచింది. తాడు సాగినంత దూరం వచ్చి, ఆడవాళ్ళ మధ్య కూర్చున్న నా పాదాల మీద మూతి పెట్టుకుని పడుకుంది. ఆకలైనప్పుడు పళ్ళెం పెట్టిన మనిషిని నేనే కదా, అందుకే వచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. "నేనే పోసిన" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. "మిగిలిన గంజి నేనే పోసిన. రెండుసార్లు పోసిన. చిన్నత్త ముట్టలే."

సారంగపాణి నన్ను చంపేసేట్టు చూశాడు. సిద్దిరాములు తేరుకుని, "సరే పోనీ, పిల్ల తెలువక పోసింది" అని సర్దబోయాడు.

అప్పుడు అరిచింది మొగిలమ్మ. ఆమె అంతగా అరవడం వాడ ఎప్పుడూ వినలేదు.

"తెలువకనా? ఎండాకాలమే చెప్పిన, తుత్తం ఇసమని! ఆఁ అన్నది. అది గూడ పోనీ, మరిచిందనుకుందాం. పోసినంక? ఏం తిన్నదే అని అడిగిన. తెలువదన్నది. దవాఖానల అడిగిన్రు. సూడలే అన్నది. ఎలుకల మందు అనుకోని ఇంకో మందిస్తె ఏమైతుండె? నోరులేనిది సస్తాంటె, నోరున్నదానివి నోరు మూసుకుంటవా?"

తన మీద పడ్డ నింద గురించి ఒక్క ముక్క అనలేదు. ఆరిన పొయ్యి గురించి అనలేదు. నేను ఎదురుచూసింది ఆ తిట్ల కోసమే. వాటికి ఏడవడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఆమె తిట్టింది మాత్రం కుక్క తరఫున. ఆ తిట్టుకు నా దగ్గర కన్నీళ్ళు కూడా లేకపోయాయి.

కుక్కను ఎవరికివ్వాలన్న మాట వచ్చినప్పుడు, "నా ఇల్లు గూడ దీనికి తగిన ఇల్లు గాదు" అంది మొగిలమ్మ. "కాని నాకు కాళ్ళున్నయి, నడిపిస్త." పుండ్లు పడి బొచ్చు ఊడిన కుక్కను అడగాలని సారంగపాణికీ అనిపించలేదు. మర్నాటి నుంచి పడుగులు ఒక్కొక్కటే ఆమె దగ్గరకు తిరిగి వచ్చాయి. తప్పుగా అనుకున్నామని చెప్పినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఆమె పొద్దు పొడవకముందే కుక్కను ఖిలా, అదే పాత కోట, వైపు పొలాల దాకా నడిపించుకుని వచ్చి, ఆ తరువాతే పొయ్యి వెలిగించేది. అరిగిపోయిన గంజి కుంచెను కడిగి ఆరబెట్టి దానితో కుక్క బొచ్చు దువ్వేది. నాతో మాట్లాడేది కాదు.

ఆ ఏడాది మా ఇంట్లో నా నోరు లేచింది. గంజి కుండకు, ముంతకు చెక్క మూతలు చేయించాను. తీసిన మూత మళ్ళీ పెట్టని రోజు మా అత్తతో కొట్లాట, గుంటలోకి చూడకుండా కాళ్ళు దించిన రోజు మా ఆయనతో కొట్లాట. "ఇంట్ల పిల్లే లేదు గదనే, ఏం సూడాలె?" అని సారంగపాణి అరిచేవాడు. "లేదని సూడు" అని నేను అరిచేదాన్ని. మూలన ఇసుక పోసి పెట్టాను. మా అత్త నాకు పిచ్చెక్కిందంది. అననీ అనుకున్నాను.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఒక పొద్దున మొగిలమ్మ పిలవకుండానే వచ్చి మూల కూర్చుంది. కుక్క ఆమె వెనకాలే వచ్చి గడపలో పడుకుంది. ఆమె కుండ మూత ఎత్తి చూసి మళ్ళీ పెట్టింది. మూలన ఇసుకను కాలితో కదిపి చూసింది. సారంగపాణి తువ్వాలు దులిపి మగ్గం దగ్గరకు వచ్చాడు. ఆమెను చూసి ముఖం తిప్పుకున్నాడు. అలవాటుగా వంగి, గుంటలోకి చూసి, అప్పుడు కాళ్ళు దించాడు.

మొగిలమ్మ నడుము దగ్గర చీర మడత విప్పింది. అందులో బూడిద రంగు పిల్లి పిల్ల నిద్రపోతోంది. రెండు నెలలు నిండిన పిల్ల. నా ఒళ్ళో పెట్టింది. ఆ సందడికి కుక్క లేచి వచ్చి పిల్లను వాసన చూసి, నా కుడి చేతిని నాకింది. గంజి పోసిన చెయ్యి అదే. ఇక నా వల్ల కాలేదు.

"చిన్నత్తా, దీనికి నా మీద కోపం రాదా?" అన్నాను.

"రాదు. దానికి రాదనే గదా దాని బదులు నేను ఒర్రేది" అంది.

తరువాత పిల్లకు ఉప్పులేని అన్నమే పెట్టాలని నా మీద ఇంకోసారి అరిచి, కుక్కను తీసుకుని గంజి దించుకోవడానికి వెళ్ళిపోయింది.